ఇల్లు, అంగడి, చేపలచెరువు: కలిదిండి ప్రాంతంలో భూ వినియోగ నిబంధనలు

ఏలూరు: కొల్లేటి పరిసర గ్రామాలలో భూమికి పోటీదారులు పెరిగారు. ఒకప్పుడు వరిచేనుకు, ఇంటిస్థలానికి మధ్య మాత్రమే ఉన్న పోటీలోకి చేపలచెరువు వచ్చి చేరగా, చెరువు వెంట అంగడి వచ్చింది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణతో కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాకు మారిన కలిదిండి మండలం ఇందుకు చక్కని ఉదాహరణ. రాజరాజ నరేంద్రుని తామ్రశాసనం వలన చరిత్రకారులకు చిరపరిచితమైన ఈ గ్రామం కృష్ణా డెల్టా కాలువల శివారున ఉన్నది. కాలువ నీటికి చివర ఉన్నచోట మెరక, పల్లాల విలువ ఎక్కువ. మెరక భూమిపై ఇల్లు కట్టాలా, కొట్టు కట్టాలా అన్నది చిన్న ప్రశ్న కాదు.

చేపల సాగు విస్తరించినకొద్దీ మేత దుకాణాలు, ఐస్ ఫ్యాక్టరీలు, ఏరేటర్ల మరమ్మతు షెడ్లు, ప్యాకింగ్ కేంద్రాలు అవసరమవుతాయి. లారీ వచ్చే దారి కావాలి కనుక ఇవి సహజంగానే రోడ్డుపక్కకు చేరుకుంటాయి. ఆ రోడ్డుపక్కనే నివాసగృహాలూ ఉంటాయి. ఉపాధి ఇచ్చే వ్యాపారాన్ని ఊరు కాదనలేదు. రాత్రంతా జనరేటర్ మోగుతూ ఉంటే పసిపిల్లలున్న ఇంటివారు భరించనూ లేరు.

మాస్టర్ ప్లాన్ అమలులో ఉన్న ప్రాంతాలలో నివాస, వాణిజ్య, పారిశ్రామిక, వ్యవసాయ మండలాలు పటంపై ముందే గుర్తించబడి ఉంటాయి. అటువంటి ప్లాన్ లేని గ్రామాలలో భారమంతా అనుమతుల ప్రక్రియపైనే పడుతుంది. ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం, 1994 ప్రకారం భవన నిర్మాణానికే గాక ఫ్యాక్టరీ నెలకొల్పడానికి, యంత్రాలు బిగించడానికి కూడా గ్రామ పంచాయతీ అనుమతి అవసరం. లేఅవుట్లకు, భవనాలకు సంబంధించి 2002లో గ్రామ పంచాయతీల కొరకు ప్రత్యేక నియమావళి వెలువడింది. లేఅవుట్‌లో పది శాతం స్థలాన్ని ఉమ్మడి అవసరాలకు ఖాళీగా విడిచిపెట్టాలన్న నిబంధన సామాన్యునికి బాగా తెలిసినదే. ఆ ఖాళీస్థలమే తరువాత దుకాణాల సముదాయంగా మారడం కూడా పలుచోట్ల కనిపించే దృశ్యమే!

వ్యవసాయ భూమి మార్పిడిపై 2006లో చేసిన చట్టం ప్రజల నోట ‘నాలా’గా ప్రసిద్ధి పొందింది. రుసుము చెల్లిస్తే భూమి వ్యవసాయేతరమయ్యేది. అయితే అక్కడ ఇల్లు వస్తుందా, ఐస్ ఫ్యాక్టరీ వస్తుందా అన్నది తేల్చడం ఆ చట్టం పని కాదు. ఈ తేడాను గమనించకపోవడం వల్లనే మార్పిడి ఉత్తర్వును భవన అనుమతిగా భావించే పొరపాటు జరుగుతూ వచ్చింది.

మండల విభజన ప్రయోజనం శబ్ద కాలుష్య నియమాలలో స్పష్టంగా కనిపిస్తుంది. కేంద్రం 2000లో జారీచేసిన ఈ నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్‌కు శబ్దం మించరాదు. వాణిజ్య ప్రాంతంలో ఈ పరిమితి 65, 55. పారిశ్రామిక ప్రాంతంలో 75, 70. రాత్రి అంటే 10 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు. అంటే ఒకే యంత్రం ఒక వీధిలో నిబంధనలకు లోబడినదై, పక్క వీధిలో ఉల్లంఘన కాగలదు. వీధి ఏ తరగతికి చెందినదో ముందుగా నిర్ణయించని చోట ఫిర్యాదుదారునికి గాని, అధికారికి గాని కొలబద్ద దొరకదు.

గ్రామకంఠంలోని ఇళ్ల సమస్య మరొకటి. తరతరాలుగా నివాసమున్నప్పటికీ ఆ స్థలాలకు విడివిడిగా రికార్డులు ఉండేవి కావు. గ్రామీణ నివాస స్థలాల హద్దులను డ్రోన్ల సాయంతో గుర్తించే స్వామిత్వ పథకాన్ని కేంద్రం 2020 ఏప్రిల్ 24న ప్రారంభించింది. హద్దు తేలితే, ఎవరి కొట్టు ఎవరి దారిలోకి జరిగిందో కూడా తేలుతుంది.

చెరువుల విషయం వేరు. వరిచేల మధ్య చెరువు తవ్వితే ఊటనీరు పక్క చేనును తడుపుతుంది. మురుగునీటి దారి మూసుకుపోతే నష్టం ఊరి ఇళ్లకూ పాకుతుంది. 2020లో వచ్చిన రాష్ట్ర ఆక్వాకల్చర్ అభివృద్ధి సంస్థ చట్టం ఆక్వా రంగాన్ని లైసెన్సుల పరిధిలోకి తెచ్చింది.

హద్దు ఆలస్యంగా గీస్తే ఏమవుతుందో కొల్లేరు చూపింది. 1999 అక్టోబరు 4న జి.ఓ. 120 ద్వారా +5 కాంటూరు వరకు, అనగా సముద్రమట్టానికి 5 అడుగుల ఎత్తు వరకు, సుమారు 308 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. అప్పటికే అక్కడ చెరువుగట్లు వెలసి ఉన్నాయి. వాటిని 2006లో యంత్రాలతో తొలగించవలసి వచ్చింది. రేఖను +3కు తగ్గించాలని 2008లో శాసనసభ తీర్మానించినా, అభయారణ్య సరిహద్దు మార్చాలంటే జాతీయ వన్యప్రాణి మండలి సిఫారసు తప్పనిసరి. జీవనోపాధి కోల్పోయినవారి వేదన, సరస్సు కుంచించుకుపోయిందన్న ఆందోళన రెండూ వాస్తవమే.

ఇల్లు గాని, దుకాణం గాని, షెడ్డు గాని నిర్మించదలచినవారు స్థలం కొనుగోలుకు ముందే సర్వే నంబరు, రోడ్డు వెడల్పు, మురుగుకాలువ హద్దులను పంచాయతీ కార్యదర్శి, గ్రామ సర్వేయర్ల వద్ద సరిచూసుకోవలసి ఉంటుంది. చెరువు తవ్వదలచినవారు మత్స్యశాఖ అనుమతి పొందిన తరువాతనే పని ప్రారంభించాలి.