చంద్రుడు రాసే డ్యూటీ చార్టు

ఆదివారం సాయంత్రం విశాఖ ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్, ఐస్‌క్రీం, మంచినీళ్ల బాటిళ్లు జోరుగా అమ్ముడుపోతాయి. జనం వెళ్లిపోయాక కవర్లు, గ్లాసులు, మూతలు ఇసుకలో మిగులుతాయి. చాలా బీచ్‌లలో ఊడ్చేది తెల్లవారాకే. ఈలోగా పోటు వస్తే ఆ చెత్తలో కొంత సముద్రం పాలవుతుంది.

విశాఖ తీరానికి రోజుకు రెండుసార్లు పోటు వస్తుంది. అదీ నిన్నటి వేళకు కాదు, సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా. అమావాస్య, పౌర్ణమి రోజుల చుట్టూ నీరు మరింత పైకెక్కుతుంది. కార్తీక, మాఘ పౌర్ణములకు సముద్రస్నానాల రద్దీ కూడా అప్పుడే. అంటే చెత్త, పోటు రెండూ ఎక్కువయ్యే రోజులు ఒకటే.

నీళ్లలో పడ్డ ప్లాస్టిక్ అంతా ఒకే దారి పట్టదు. బాటిల్‌కు వాడే పెట్ అనే ప్లాస్టిక్ సముద్రపు నీటికన్నా బరువు. లోపలికి నీళ్లు చేరితే మునుగుతుంది. మూతకు వాడే పాలీఇథిలీన్, పాలీప్రొపిలీన్ తేలిక. కొట్టుకుపోయి మరో ఒడ్డున పడతాయి. పోటు ఆగిన గీత వెంబడి మూతలు అన్ని కనిపించేది అందుకే.

ఒడ్డున మిగిలినదానికి ఎండ శత్రువు. అతినీలలోహిత కిరణాలు ప్లాస్టిక్ అణువుల పొడవాటి గొలుసులను తెంపుతాయి. తెగినచోట ఆక్సిజన్ చేరి పెళుసెక్కిస్తుంది. నీళ్లలో చల్లదనం, పైన పట్టే నాచు ఈ పనిని మందగింపజేస్తే, కాలే ఇసుక వేగిరం చేస్తుంది. పెళుసెక్కిన కవరును అలలూ ఇసుకా కలిసి రోట్లో వేసినట్టు నూరుతాయి. ముక్క 5 మిల్లీమీటర్లకన్నా చిన్నదైతే అది మైక్రోప్లాస్టిక్. ఇసుక రేణువంత ముక్కను ఏ జల్లెడా ఇసుక నుంచి వేరుచేయలేదు.

అందుకే ఏరడానికి రెండు వేళలుండాలి: పోటుకు ముందు జనం వదిలింది, పోటు తీశాక సముద్రం తెచ్చింది. పోటు వేళలు ముందే తెలుస్తాయి. సర్వే ఆఫ్ ఇండియా ఏటా పట్టికలు అచ్చువేస్తుంది. ఇసుకను జల్లించే యంత్రాలను మాత్రం ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే కాలంలో ఆ చోట్లకు దూరంగా ఉంచాలి.

బీచ్‌లో ఏరినంత మాత్రాన సరిపోదు. ఊరి చెత్త గెడ్డల (వాగుల) గుండా సముద్రంలో కలుస్తుంది. దాన్ని గెడ్డ ముఖంలోనే వలలతో ఆపాలి. 2022 జులై 1 నుంచి దేశమంతటా ప్లాస్టిక్ గ్లాసులు, స్ట్రాలు, స్పూన్లు నిషిద్ధం; నీళ్ల బాటిళ్లు ఆ జాబితాలో లేవు. వాటికి జర్మనీ దారి ఉంది: 2003 నుంచి అక్కడ ఒకసారి వాడి పారేసే బాటిల్‌పై డిపాజిట్ కట్టించుకుని, ఖాళీది తిరిగిస్తే 25 సెంట్లు చేతిలో పెడుతున్నారు.

ఇవన్నీ కుదరడానికి సమయం పడుతుంది. పారిశుద్ధ్య సిబ్బంది డ్యూటీ చార్టును పోటు పట్టిక చూసి రాయడం రేపే మొదలుపెట్టవచ్చు. రాత్రి పనికి దీపాలు, అదనపు భత్యం మాత్రం ఇవ్వాలి.