నీడలో పూసే లశునం: దీవుల ఇళ్లలో అమెజాన్ లిల్లీ

ఒక ఉల్లిగడ్డను నిలువుగా రెండు చెక్కలుగా కోసి చూడండి. అడుగున, వేళ్లు పుట్టే చోట, ఒక చిన్న బిళ్ల కనిపిస్తుంది. అదే దాని కాండం. ఆ బిళ్ల మీద ఒకదాని చుట్టూ ఒకటిగా అమరిన కండగల పొరలన్నీ ఆకుల అడుగు భాగాలు. పైన ఆకులు తయారుచేసిన ఆహారం ఇక్కడికి దిగి నిల్వ ఉంటుంది. వృక్షశాస్త్రంలో దీన్ని లశునం అంటాం. మనం కూరలో వేసుకునేది నిజానికి ఒక మొక్క తన కోసం దాచుకున్న పొదుపు.

అమెజాన్ లిల్లీ కూడా ఇలా లశునం నుంచి పెరిగే మొక్కే. దీని ప్రజాతి పేరు యూకారిస్. ఇప్పటి వర్గీకరణ ప్రకారం ఉల్లీ, ఇదీ ఒకే అమరిల్లిడేసి కుటుంబానికి చెందినవి. దక్షిణ అమెరికాలో ఆండీస్ పర్వతాల దిగువన, అమెజాన్ పరీవాహక ప్రాంతపు వానకారు అడవుల్లో, పెద్ద చెట్ల కింద నేలమీద ఇది పెరుగుతుంది. వెడల్పైన ముదురాకుపచ్చ ఆకులు, సుమారు అర మీటరు పొడవున్న కాడ, దాని చివర కొద్దిగా తలవంచి విచ్చుకునే తెల్లని పూలు. పువ్వు నడుమ కేసరాల అడుగు భాగాలు కలిసి ఏర్పడిన చిన్న గిన్నె, దానిపై లేత ఆకుపచ్చ ఛాయ ఉంటాయి. వాసన కమ్మగా ఉంటుంది.

అండమాన్ నికోబార్ దీవుల్లో సముద్రపు ఒడ్డున పెరిగే విషముంగలిని చూసినవారికి ఈ కుటుంబం కొత్త కాదు. విషముంగలి విత్తనాలు ఉప్పునీటిలో తేలి ఒడ్డు నుంచి ఒడ్డుకు చేరతాయి. అది ఎండకూ, ఉప్పుగాలికీ ఓర్చుకునే మొక్క. అమెజాన్ లిల్లీ అందుకు పూర్తిగా భిన్నం. ఎండ తగిలితే ఆకు మాడుతుంది. అందుకే దీన్ని ఇంట్లో, వరండాలో పెంచుతారు.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవారు దాదాపు 13 శాతం. వారి ఇళ్లకు మొక్కల పెంపకం గురించిన సలహాలు ఎక్కువగా ప్రధాన భూభాగం నుంచే చేరతాయి. అనంతపురంలోనో హైదరాబాదులోనో ఉన్న బంధువు చెప్పేది ఒకటే మాట: నీడలో పెట్టు, రోజూ నీళ్లు పొయ్యి. ఎండ ఎక్కువ, గాలిలో తేమ తక్కువ ఉన్న చోట అది మంచి సలహాయే. శ్రీ విజయపురంలో, అంటే 2024 సెప్టెంబరు వరకు పోర్ట్ బ్లెయిర్ అని పిలిచిన పట్నంలో, అదే సలహా లశునాన్ని చంపుతుంది. అక్కడ ఏడాదికి దాదాపు 3000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. మే నుంచి నైరుతి రుతుపవనాలు, ఆ వెంటనే డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు. గాలిలో తేమ ఏడాదిలో చాలాకాలం 80 శాతానికి అటూఇటూగా ఉంటుంది. అలాంటి ఇంట్లో నీటికి కొరత ఉండదు, వెలుతురుకే కొరత.

ముందు వెలుతురు సంగతి చూద్దాం. నర్సరీల్లో ‘నీడను ఇష్టపడే మొక్క’ అని రాసి పెడతారు. ఆ మాట నాకు నచ్చదు. ఏ పచ్చని మొక్కా చీకటిని ఇష్టపడదు, కొన్ని మాత్రం తక్కువ వెలుతురుతో సరిపెట్టుకోగలవు. అమెజాన్ లిల్లీ ఆకు పలుచగా, వెడల్పుగా ఉండి, చెట్ల సందుల నుంచి దిగే కొద్దిపాటి కాంతిని కూడా పట్టుకుంటుంది. అయితే దానికీ ఒక హద్దు ఉంది. మొక్క పగలు కిరణజన్య సంయోగక్రియ ద్వారా చక్కెర తయారుచేస్తుంది. రాత్రింబవళ్లు శ్వాసక్రియలో దాన్ని ఖర్చు చేస్తుంది. కాంతి ఒక స్థాయికి తగ్గితే సంపాదన, ఖర్చు సమానమవుతాయి. ఇంకా తగ్గితే మొక్క పొదుపులోంచి తినడం మొదలుపెడుతుంది.

మామూలు మొక్కయితే కొద్ది వారాల్లో వాడి, మనకు సంగతి చెప్పేస్తుంది. లశునం ఉన్న మొక్క చెప్పదు. నెలల తరబడి నిల్వలు కరిగించుకుంటూ పచ్చగానే నిలబడుతుంది. ‘మూలన పెట్టినా ఎంత బాగుందో’ అని మనం మురుస్తుంటాం. ఆ తరువాత కొత్త ఆకులు చిన్నవిగా, కాడలు పొడవుగా వస్తాయి, పూలు రావు. చివరికి పెకలించి చూస్తే ఒకప్పుడు కోడిగుడ్డంత ఉన్న లశునం చిన్న ఉల్లిపాయంత మిగిలి ఉంటుంది. దీవుల్లో రాత్రులు కూడా వెచ్చగానే ఉంటాయి. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే శ్వాసక్రియ వేగం సుమారు రెట్టింపవుతుంది కాబట్టి, చల్లని ఊళ్లకంటే ఇక్కడ ఖర్చు మరింత ఎక్కువ.

మన కంటిని నమ్మకండి. నడి ఎండలో సుమారు లక్ష లక్స్ కాంతి ఉంటే, గదిలో కిటికీకి రెండు మీటర్ల దూరంలో కొన్ని వందల లక్స్ మాత్రమే ఉండవచ్చు. కన్ను సర్దుకుంటుంది కనుక మనకు ఆ తేడా తెలియదు. ఒక చిన్న పరీక్ష చేయండి. మధ్యాహ్నం కుండీ పెట్టదలచిన చోట తెల్లకాగితం పరచి, దానికి ఒక అడుగు ఎత్తున చేయి చాపండి. నీడ అంచులు స్పష్టంగా కత్తిరించినట్టుంటే ఈ మొక్కకు ఎండ ఎక్కువ. నీడ మెత్తగా, కానీ చేయి నీడే అని గుర్తుపట్టేలా ఉంటే చోటు సరైనది. అసలు నీడే పడకపోతే అక్కడ పెట్టవద్దు.

ఏ కిటికీ మంచిది? ఉత్తరపు కిటికీలోకి ఎండ రాదని చాలా పుస్తకాల్లో ఉంటుంది. ఆ పుస్తకాలు చలిదేశాల వారివి. శ్రీ విజయపురం సుమారు 11.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ మూడో వారంలో మధ్యాహ్న సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అప్పటి నుంచి ఆగస్టు మూడో వారం వరకు మధ్యాహ్నం వేళ ఉత్తరం వైపునే ఉంటాడు. అంటే ఆ నాలుగు నెలలు మబ్బు విడిచినప్పుడల్లా ఉత్తరపు కిటికీలోకే ఎండ వస్తుంది. మిగతా నెలల్లో దక్షిణపు కిటికీ వంతు. నా ఓటు తూర్పు వరండాకే. దేశమంతటికీ ఒకే గడియారం కాబట్టి ఇక్కడ జూన్‌లో ఐదు గంటలకే తెల్లవారుతుంది. ఆ తొలి గంటల లేత ఎండ ఆకుకు హాని చేయదు.

ఇక నీరు. వేళ్లు కూడా ఊపిరి పీల్చుకుంటాయి. మట్టి రేణువుల నడుమ ఉన్న ఖాళీలు నీటితో నిండిపోతే గాలికి చోటుండదు. నీటిలో ఆక్సిజన్ గాలిలో కంటే సుమారు పదివేల రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. ఊపిరాడని వేళ్లు చచ్చి, వాటి మీద శిలీంధ్రాలు, బాక్టీరియా చేరి, కుళ్లు లశునంలోకి పాకుతుంది. గాలిలో తేమ ఎక్కువైతే ఆకుల నుంచి బాష్పోత్సేకం తగ్గుతుంది, కుండీ ఆరడానికి రోజులు పడుతుంది. కాబట్టి తేదీ చూసి నీళ్లు పోయకండి. వేలు రెండు కణుపుల లోతు గుచ్చి, లోపల పొడిగా తగిలితేనే పోయండి. కుండీని ఎత్తి చూసే అలవాటు ఇంకా మేలు. తడి కుండీకీ ఆరిన కుండీకీ బరువులో తేడా వారంలో చేతికి తెలిసిపోతుంది. వానల నెలల్లో పది రోజులకు ఒకసారి పోసినా సరిపోవచ్చు. కుండీ కింది పళ్లెంలో నీరు నిలవనీయకండి. వేళ్లకూ చేటు, దోమలకూ ఇల్లు.

మట్టి మిశ్రమం గుల్లగా ఉండాలి. రెండు పాళ్లు ఆకుల ఎరువు, ఒక పాలు కొబ్బరిపీచు, ఒక పాలు చిన్న ఇటుక ముక్కలు కలపండి. దీవుల్లో కొబ్బరికి కొదవ లేదు. అయితే పీచును మంచినీటిలో రెండుమూడు సార్లు నానబెట్టి, నీరు పారబోసి వాడాలి, లేకుంటే అందులోని ఉప్పు వేళ్లను దెబ్బతీస్తుంది. సముద్రపు ఇసుక అసలే వద్దు. కుండీ అడుగున పగడపు ముక్కలు పరచాలని కొందరికి సరదా. అది సున్నపు పదార్థం, మట్టిలో క్షారగుణం పెంచుతుంది. పైగా పగడాలను వన్యప్రాణి సంరక్షణ చట్టం కాపాడుతోంది, ఏరుకుని తేవడం నేరం.

ఎనిమిది అంగుళాల కుండీలో మూడు నాలుగు లశునాలు దగ్గర దగ్గరగా, మెడ భాగం మట్టి పైకి కనిపించేలా నాటండి. కొంచెం ఇరుకుగా ఉంటేనే ఇది బాగా పూస్తుంది.

పూయించడం మాత్రం కాస్త ఓపిక పని. చలిదేశాల గాజు ఇళ్లలో కొన్ని వారాలు 27 డిగ్రీల దగ్గర ఉంచి, ఆ తరువాత 21 డిగ్రీలకు తగ్గించి మొగ్గ తెప్పిస్తారు. దీవుల్లో నెలకూ నెలకూ మధ్య ఉష్ణోగ్రతలో అంత మార్పు ఉండదు. అందుకే పెంపకందార్లు నీటితో ఆ మార్పు తెస్తారు. ఫిబ్రవరిలో మూడు నాలుగు వారాలు నీరు బాగా తగ్గించి, ఆకులు కొద్దిగా సడలినప్పుడు మాత్రం ఒక గ్లాసు పోస్తారు. పూర్తిగా ఎండగట్టకూడదు, ఇది ఏడాది పొడవునా ఆకులుండే మొక్క. తరువాత మామూలుగా నీరు, పలుచని ఎరువు నీళ్లు ఇస్తారు. వేసవిలో పట్నంలో కుళాయి నీటికి కటకట వచ్చే రోజులూ దాదాపు ఇవే కాబట్టి ఈ విశ్రాంతి ఇంటివారికి కూడా కలిసొస్తుంది. మొదటి ఏడాదే పూస్తుందన్న హామీ లేదు. లశునంలో నిల్వ చాలకపోతే ఏ ఉపాయమూ పనిచేయదు.

వానాకాలంలో ఆఫ్రికా నత్తలను కనిపెట్టి ఉండాలి. అవి రాత్రిళ్లు మెట్లెక్కి వచ్చి లేత ఆకులను కొరుకుతాయి. కుండీ మట్టిలో గుడ్లు పెడతాయి. కొత్త మొక్క తెచ్చినప్పుడు పాత మట్టిని దులిపి, వేళ్లు కడిగి నాటడం అందుకే. నత్తలను ఉత్తి చేతులతో పట్టుకోవద్దు, పరాన్నజీవులు ఉండవచ్చు. ఆకుల మొదళ్లలో తెల్లని దూదిలా పిండినల్లి కనిపిస్తే తడిగుడ్డతో తుడిచేయండి.

ఈ లశునాల్లో లైకోరిన్ వంటి ఆల్కలాయిడ్లు ఉంటాయి. తింటే వాంతులు, విరేచనాలు అవుతాయి. చూడడానికి ఉల్లిగడ్డలానే ఉంటుంది కాబట్టి నాటడానికి తెచ్చిన వాటిని వంటింటి బుట్టలో పెట్టకండి.

సాగులో ఉన్న అమెజాన్ లిల్లీ సాధారణంగా విత్తనాలు కట్టదు. తల్లి లశునం పక్కన పుట్టే పిల్ల లశునాలే దారి. మూడు నాలుగేళ్లకు ఒకసారి, పూలు అయిపోయాక, కుండీని బోర్లించి వేళ్లు తెగకుండా పిల్లలను విడదీయండి. వేళ్లున్న వాటినే తీయండి. కోసిన గాయాన్ని ఒకరోజు నీడలో ఆరనిచ్చి నాటితే కుళ్లు పట్టదు. ఆ పిల్ల పూతకు రావడానికి రెండు మూడేళ్లు పడుతుంది.