చలిలో జాలరి చేతులు

జమ్మలమడుగుకు చేరువలో పెన్నానదిపై మైలవరం జలాశయం ఉంది. గండికోట లోయను దాటివచ్చిన నీరు ఇక్కడ నిలుస్తుంది. ఎండలకు పేరుమోసిన ఈ సీమలోనూ పుష్యమాసపు వేకువన తడిసిన వేళ్లు కొంకర్లు పోతాయి. పుట్టిలో కూర్చొని వల లాగే జాలరికి వట్టిచేతులే ఆధారం. చేతితొడుగులు ధరిస్తే వలకన్నులో చిక్కిన చేపను విడదీయడం కష్టం.

నీటి ఉష్ణవాహకత్వం గాలికంటె ఇంచుమించు 25 రెట్లు అధికం. కనుకనే గాలిలో ఓర్చుకోదగిన చలి నీటిలోని చేతికి దుస్సహమవుతుంది. అప్పుడు శరీరం గుండె మొదలైన ప్రధానాంగాల వేడిని నిలుపుకొనడానికై వేళ్లలోని రక్తనాళాలను సంకోచింపజేస్తుంది. స్పర్శ మందగిస్తుంది. చేపముల్లు గుచ్చుకున్నా తెలియదు. తెడ్డుపై పట్టు సడలుతుంది; లోతునీటిలో అది ప్రాణాపాయం.

అందుచేత చేతులను కాపాడుకోదలచినవాడు ముందుగా ఛాతీని, తలను కప్పుకోవాలి. దేహం వెచ్చగా ఉంటేనే వేళ్లకు రక్తం ధారాళంగా అందుతుంది. వేళ్లను ఆడించే కండరాలలో అధికభాగం ముంజేతిలోనే ఉన్నాయి. కాబట్టి మణికట్టు వరకు ఉన్నిచొక్కా ఉండటం మేలు. వల లాగిన ప్రతిసారీ పొడిగుడ్డతో చేతులు తుడుచుకోవాలి. ఆరిపోయే తడి సైతం వేడిని హరిస్తుంది. ఆపై కాసేపు చంకలలో దాచుకోవాలి. వెచ్చదనం కోసమని వెలిగించే బీడీ మాత్రం వట్టి మోసకారి! పొగాకులోని నికోటిన్ రక్తనాళాలను మరింత బిగిస్తుంది.

ఒడ్డు చేరాక చలిమంటకు చేతులను మరీ దగ్గరగా చాపరాదు. మొద్దుబారిన చర్మానికి కాలిన సంగతి కూడా తెలియదు. గోరువెచ్చని నీరు చాలు.