దోబూచులాడే హెడ్‌లైటు

పూర్తిగా ఆరిపోయిన హెడ్‌లైటు కన్నా వెలిగీ వెలగని హెడ్‌లైటే మెకానిక్‌ను ఎక్కువ తిప్పలు పెడుతుంది. బల్బు మాడిపోతే కంటికి కనిపిస్తుంది, మార్చేస్తే పని అయిపోతుంది. ఒక గుంతలో ఆరి ఇంకో గుంతలో వెలిగే దీపం మాత్రం షెడ్డుకు తెచ్చేసరికి నిక్షేపంగా వెలుగుతూ ఉంటుంది. నాచారం, మల్లాపూర్ పారిశ్రామికవాడల్లో సరుకెత్తుకుని, ఉప్పల్ చౌరస్తా దాటి వరంగల్ హైవే ఎక్కే పాత పికప్ బళ్లలో ఇది తెలిసిన జబ్బే. 2018లో మొదలైన ఉప్పల్–నారపల్లి ఎలివేటెడ్ కారిడార్ పనులు ఏళ్ల తరబడి సాగాయి. ఆరు కిలోమీటర్ల పైచిలుకు ఆ దారిలో ఎండాకాలం దుమ్ము, వానాకాలం బురద, ఏడాది పొడుగునా గతుకులు. వైరింగ్‌లో ఎక్కడ ఏ అతుకు వదులుగా ఉన్నా అలాంటి దారి బయటపెట్టేస్తుంది.

ఆ అతుకులు ఎక్కడివో తెలియాలంటే హెడ్‌లైటు ఎలా పెరిగిందో చూడాలి. వెలుగు మెరుగైన ప్రతిసారీ కరెంటు దారిలో వదులయ్యే చోటు ఇంకొకటి చేరుతూ వచ్చింది.

తొలినాటి కార్లలో చాలావాటి దీపాలకు వైరే లేదు. కార్బైడ్ మీద నీళ్లు చుక్కచుక్కగా పడితే పుట్టే ఎసిటిలీన్ వాయువు మంటగా వెలిగేది. మామిడికాయలు మగ్గబెట్టడానికి దొంగచాటుగా వాడే నిషిద్ధ కార్బైడ్ ఇదే. 1912లో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టర్ కాడిలాక్ కారులోకి వచ్చింది. బ్యాటరీ, జనరేటర్, దీపాలు అన్నీ ఒకే వ్యవస్థలో భాగమయ్యాయి. 1920ల మధ్యలో ఒకే బల్బులో రెండు ఫిలమెంట్లు అమరాయి: దూరం చూడటానికి ఒకటి, ఎదుటివాడి కళ్లు చెదరకుండా డిమ్‌కు ఒకటి. వాటి మధ్య మార్చడానికి డిప్పర్ స్విచ్ తప్పనిసరైంది. 1940లో అమెరికా బల్బు, అద్దం, గాజు కలిపి మూసేసిన ఏడంగుళాల సీల్డ్ బీమ్‌ను ప్రమాణంగా చేసుకుంది. దుమ్మూ తేమా లోపలికి పోని మంచి ఏర్పాటు అది, అయితే వెనక ఉన్న కనెక్టర్ మాత్రం బయటే ఉండిపోయింది.

ఐరోపాలో 1962లో హాలోజన్ హెడ్‌లైటు బల్బు, 1971లో రెండు ఫిలమెంట్ల హెచ్4 బల్బు వచ్చాయి. పాత పికప్‌లలో ఎక్కువగా కనిపించేది ఈ హెచ్4 బల్బే. వెనక మూడు రేకు కాళ్లు ఉంటాయి: డిమ్‌కు ఒకటి, హైబీమ్‌కు ఒకటి, రెండింటికీ ఉమ్మడిగా ఎర్త్ ఒకటి. అంతకుముందు బల్బులు 45/40 వాట్లయితే ఇది 60/55 వాట్లు. డిమ్‌లో రెండు దీపాలకు 110 వాట్లు, అంటే 12 వోల్టుల దగ్గర 9 ఆంపియర్ల పైన. చాలా పాత బళ్లలో ఇంత కరెంటూ బ్యాటరీ నుంచి స్టీరింగ్ కింది స్విచ్ దాకా వెళ్లి, అక్కడి నుంచి మళ్లీ ముందుకు రావాలి. చల్లగా ఉన్న ఫిలమెంటు నిరోధం వేడిగా ఉన్నప్పటిదానిలో పదో వంతు కూడా ఉండదు. కాబట్టి స్విచ్ వేసిన క్షణంలో కరెంటు కొన్ని రెట్లు ఎగబాకుతుంది. వేసిన ప్రతిసారీ స్విచ్ కాంటాక్టులు కొంచెం కాలి, నల్లగా కార్బన్ పడుతుంది.

హోల్డర్‌లో జరిగేది ఇంకా ప్రమాదకరం. బల్బు కాలిని పట్టుకున్న రేకు క్లిప్పుకు చిలుము పట్టి, అక్కడ 0.2 ఓమ్‌ల నిరోధం పుట్టిందనుకుందాం. 4.6 ఆంపియర్ల దగ్గర దాదాపు 0.9 వోల్టు అక్కడే పోతుంది. గోరంత రేకులో 4 వాట్ల వేడి పుడుతుంది. వేడికి క్లిప్పు బిగువు సడలుతుంది, సడలిన కొద్దీ నిరోధం పెరుగుతుంది, నిరోధం పెరిగిన కొద్దీ వేడి పెరుగుతుంది. హోల్డర్ ఊడదీస్తే ఒక కాలి చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి, అంచు కరిగి కనిపించేది అందుకే. వెలుగైతే వోల్టేజీ కన్నా చాలా వేగంగా పడిపోతుంది. ఆ 0.9 వోల్టుకే ఐదో వంతుకు పైగా వెలుగు తగ్గుతుంది. వెలుగు చాలడం లేదని ఈ హోల్డర్‌కే 100/90 వాట్ల బల్బు బిగించడం జబ్బును ముదరబెట్టడమే.

ఎర్త్ సంగతి వేరు. బండి రేకే తిరుగు వైరుగా పనిచేస్తుంది కాబట్టి, ఎర్త్ బోల్టు కింద తుప్పు పట్టినా పెయింటు పడినా కరెంటు తిరిగి వెళ్లే దారి మూసుకుపోతుంది. అప్పుడది దొడ్డిదారి వెతుక్కుంటుంది. డిమ్ ఫిలమెంటులోంచి వచ్చింది అదే బల్బు హైబీమ్ ఫిలమెంటులోకి, అక్కడి నుంచి అవతలి దీపంలోకి పోతుంది. డిమ్‌లో ఉండగానే డాష్‌బోర్డు మీద హైబీమ్ నీలం గుర్తు మసకగా వెలిగితే మొదట చూడాల్సింది ఎర్త్ బోల్టునే.

లక్షణాన్ని సరిగ్గా చదివితే వెతికే చోటు సగానికి తగ్గుతుంది. ఒక్క దీపమే ఆరుతుంటే లోపం ఆ పక్క హోల్డర్‌లోనో, ఎర్త్‌లోనో, విడి ఫ్యూజులోనో ఉంటుంది. రెండూ కలిసి ఆరుతుంటే స్విచ్, రిలే, బ్యాటరీ టెర్మినల్ లాంటి ఉమ్మడి చోట్లు చూడాలి. డిమ్ పోయి హైబీమ్ రెండు పక్కలా బాగుంటే డిప్పర్ కాంటాక్టు. ఇంజిన్ వేగంతో పాటు వెలుగు పెరిగి తగ్గుతుంటే ఛార్జింగ్ వైపు వెళ్లాలి. అమెరికా పాత పికప్‌లు చాలావాటిలో స్విచ్‌లోనే బైమెటల్ బ్రేకర్ ఉంటుంది. అది వేడెక్కితే విడిపోయి, చల్లారితే అతుక్కుంటుంది కనుక అక్కడ దీపాలు లెక్కపెట్టినట్టు ఆరి వెలుగుతాయి.

ఎక్కువమంది మోసపోయేది మీటరు దగ్గర. బల్బు తీసేసి వైరును ఓమ్‌ల మీద చూస్తే అంతా బాగున్నట్టే చూపిస్తుంది. రేకు కంతలో రబ్బరు బుష్ ఊడిపోయి, ఒరుసుకుని ఒరుసుకుని ఒక్క పోగు మిగిలిన వైరైనా మీటరు పంపే మిల్లీఆంపియర్లను మోస్తుంది. దీపానికి కావాల్సిన 5 ఆంపియర్ల దగ్గర అదే పోగు చేతులెత్తేస్తుంది. అందుకే దీపం వెలుగుతుండగానే కొలవాలి. మీటరును వోల్టుల మీద పెట్టి, ఒక కొన బ్యాటరీ ప్లస్‌కు, రెండోది హోల్డర్ వెనక డిమ్ కాలికి ఆనించాలి. అరవోల్టు దాటితే ఆ దారిలో ఎక్కడో వోల్టేజీ పోతోందన్నమాట. రెండో కొనను వెనక్కి జరుపుతూ ఫ్యూజు, స్విచ్, కప్లర్ ఒక్కొక్కటే దాటితే, అంకె ఒక్కసారిగా పడిపోయిన చోటే దోషం దొరుకుతుంది. ఎర్త్ కాలికీ బ్యాటరీ మైనస్‌కూ మధ్య మాత్రం 0.2 వోల్టు కూడా ఎక్కువే.

దొరికాక టేపు చుట్టి పంపేస్తే అది మరమ్మతు కాదు. కరిగిన హోల్డర్‌కు బదులు సెరామిక్ హోల్డర్ వేయాలి. ఎర్త్ చోట రేకు మెరిసేదాకా గీకి, కొత్త రింగు టెర్మినల్ బిగించి, పైన గ్రీజు పూయాలి. స్విచ్ భారం దించడానికి రిలే పెట్టాలి: 30వ కాలికి బ్యాటరీ నుంచి ఫ్యూజుతో వైరు, 87 నుంచి దీపానికి, 86కు పాత స్విచ్ వైరు, 85 ఎర్త్‌కు. ఇకపై స్విచ్ మోసేది కాయిల్ లాగే ఆంపియరులో చిన్న భాగమే.

ఆ తర్వాత ఇంజిన్ నడుపుతూ, దీపాలన్నీ వేసి, మీటరు కొనలు తగిలించే ఉంచి, గ్రిల్ వెనక వైరింగ్‌ను చేత్తో అటూ ఇటూ కదిలించాలి. హోల్డర్ మీద తట్టాలి, ఎర్త్ బోల్టు దగ్గర నీళ్లు చల్లాలి. అంకె కదలకపోతే బండిని రాత్రి లోడుకు పంపవచ్చు.