పట్టికల పొందిక

ముప్పదియేండ్లకు పైగా పిల్లలకు ఛందస్సును వ్యాకరణమును చెప్పిన వానికి కంప్యూటరుతో నేమి పని యని శ్రోతలలో కొందరు నవ్వుకొనవచ్చును. నాకును నవ్వు వచ్చినదే. ఉద్యోగము విరమించిన పిదప మా యూరి గ్రంథాలయమునకు కార్యదర్శినైతిని. అచ్చట నేను చేసిన యొక తప్పు నన్నీ శాస్త్రములోనికి దింపినది.

మా సభ్యులు 120 మంది. ఒక్కొక్కరి ధరావతు 100 రూపాయలు. కుర్రవాడొకడు మా లెక్కలన్నియు డేటాబేసులో నెక్కించి, ప్రశ్నలడుగుటకు లిబ్రెఆఫీస్ బేస్ అను సాధనమును చూపిపోయెను. పట్టికలు పెట్టెలవలె తెరపై నిలుచును. వాని నడుమ గీతలుండును. కావలసిన శీర్షికల నేరుకొన్నచో, ఎస్.క్యు.ఎల్. అను ప్రశ్నభాషలోని వాక్యమును సాధనమే కూర్చుకొనును. ఎవరెన్ని పుస్తకములు తీసికొనిరో, ధరావతు మొత్తమెంతయో ఒక్క కాగితముపై చూడవలెనను నాశతో నేను సభ్యుల పట్టికను, ఎరవుల పట్టికను చేర్చి యడిగితిని. 31,400 రూపాయలని జవాబు వచ్చెను. దానిని నిండుసభలో చదివితిని. కోశాధికారిగారి వద్ద నున్నది 12,000. ఆ పెద్దమనిషి మారుమాటాడక తాళపుచెవులు బల్లపై నుంచి లేచిపోయిరి.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మరునాటినుండి పట్టికలు చదువ మొదలిడితిని.

పట్టిక యనగా నొక్క జాతి విషయముల జాబితా. సభ్యుల పట్టికలో వరుస యనగా నొక మనిషి. ఎరవుల పట్టికలో వరుస యనగా నొక మనిషి యొకనాడొక పుస్తకము తీసికొనుట. ప్రతివానికి నొక సభ్యత్వ సంఖ్య కలదు. అది మరియొకరికి రాదు. దానిని ప్రైమరీ కీ యందురు. ఎరవుల పట్టికలో సభ్యుని పేరును చిరునామాను మరల వ్రాయరు. ఆ సంఖ్యను మాత్రమే వ్రాయుదురు. అచ్చట దానికి ఫారిన్ కీ యని పేరు. సభ్యుడిల్లు మారినచో నొక్కచోట దిద్దిన చాలును.

ఈ పొదుపు మనకు క్రొత్త కాదు. పాణిని తన సూత్రములలో పలుచోట్ల పదములనన్నింటిని ఏకరువు పెట్టడు. మొదటి పదము చెప్పి ‘ఆది’ యని విడుచును. తక్కినవి గణపాఠములో నుండును. గణమెరుగని వానికి సూత్రము కంఠస్థమైనను ప్రయోజనము లేదు. ఇంగ్లండులో పుట్టి అమెరికాలో ఐ.బి.ఎం. సంస్థయందు పనిచేసిన ఎడ్గర్ కాడ్ 1970లో ప్రకటించిన వ్యాసము నేటి పట్టికల పద్ధతికి మూలము. ఆయన గణపాఠము చూచెనని నేననను. అవసరమొకటే యైనపుడు ఉపాయములు కలియుచుండును.

పట్టికలు వేరుగా నున్నవి గనుక ప్రశ్న యడుగునపుడు వానిని కలుపవలెను. దీనిని జాయిన్ అందురు. చిక్కంతయు నిక్కడనే. ఎరవుల పట్టికలో 314 వరుసలున్నవి. ప్రతి ఎరవును తన సభ్యుని వెంటబెట్టుకొని వచ్చును. ఐదు పుస్తకములు తీసికొన్నవాడు ఐదుమారులు వచ్చును. వచ్చిన ప్రతిసారియు తన నూరు రూపాయలతోనే వచ్చును. 314 నూర్లు 31,400. కంప్యూటరు అబద్ధమాడలేదు. నేనడిగిన ప్రశ్నయే వేరు.

కావున ఇప్పుడు ప్రతి పట్టికను ముందుగా తెరచి, ఇందలి యొక వరుస దేనిని చెప్పుచున్నదని చూచుకొందును. వరుసలు లెక్కింతును, కలిపిన పిదప మరల లెక్కింతును. 120 కాస్త 314 ఐనచో కూడికకు పోను. ధరావతు సభ్యుల పట్టికలోనిది. దాని మొత్తమునకు ఆ పట్టిక యొక్కటియే చాలును. ఖాళీ గడి యొకటి మరల మోసగించును. పుస్తకము తిరిగియిచ్చిన తేది లేకున్నచో అది సున్న కాదు, ‘తెలియదు’ అని యర్థము. జూన్ 1 కాని తేదులు గలవానిని చూపుమన్నను ఆ ఖాళీ వరుసలు రావు. ఖాళీవి కావలెనని వేరుగా నడుగవలెను.

వారము గడచిన పిదప కాగితములతో కోశాధికారిగారి యింటికి పోయి యిదియంతయు చెప్పితిని. ఆయన పేర్లపై వ్రేలుపెట్టి లెక్కించుకొని, “మాస్టారూ, ఇందులో తొంబదియెనిమిది మందే యున్నారు. మిగిలిన యిరువదియిద్దరేరీ?” అనిరి. నేను తెల్లబోతిని. ఒక్క పుస్తకమైనను తీసికొనని వారి సంఖ్య ఎరవుల పట్టికలో నుండదు. సామాన్యమైన జాయిన్ వారిని విడిచివేయును. పెట్టెల నడుమ గీతపై రెండుమారులు నొక్కి, లెఫ్ట్ జాయిన్ అనుదాని నేరుకొని, సభ్యుల పట్టికలోని వారందరును రావలెనని చెప్పవలెను. నాకంటబడని యీ రెండవ తప్పు ఆయన వ్రేలికి తగిలినది.

తరువాతి సభలో తప్పు నాదని చెప్పి, 12,000 అని చదివితిని. ఆయన తాళపుచెవులు తీసికొనిరి. అయినను ఆ యేటి జమాఖర్చు చేతితో మరల వ్రాసి, నా కాగితమును దాని ప్రక్కన కుట్టించిరి.