ఇంటెలా.. ఏఎండీనా? కొనే ముందు ఈ లెక్క చూసుకోండి

ఫైనలియర్‌లోకి వచ్చేశారు. ప్లేస్‌మెంట్స్ దగ్గరపడుతున్నాయి. సీనియర్ దగ్గర కొన్న పాత ల్యాప్‌టాప్ బ్రౌజర్‌లో నాలుగు ట్యాబ్‌లు తెరిస్తేనే మొరాయిస్తోంది. ఇంట్లో అడిగితే 'మహా అయితే 50 వేలు, అంతకు మించి కాదు' అన్నారు. ఆ డబ్బుకి ల్యాప్‌టాప్ కంటే అసెంబుల్డ్ డెస్క్‌టాప్ అయితే ఎక్కువ పని చేస్తుందని ఎవరో చెప్పారు. అది నిజమే. అసలు గొడవ ఆ తర్వాతే మొదలవుతుంది. క్లాస్ వాట్సాప్ గ్రూప్‌లో 'ఏ ప్రాసెసర్ తీసుకోమంటారు?' అని ఒక్క మెసేజ్ పెట్టి చూడండి. సంక్రాంతికి ఇద్దరు హీరోల సినిమాలు ఒకేరోజు విడుదలైనంత హడావిడి! 'ఇంటెల్ అంటే నమ్మకం' అని ఒకరు, 'ఇంకా ఏ కాలంలో ఉన్నావు, ఏఎండీ తీసుకో' అని ఇంకొకరు. డబ్బులు మాత్రం వాళ్లవి కావు, మీ నాన్నవి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. కోడింగ్, ఆన్‌లైన్ క్లాసులు, కాస్త ఎడిటింగ్, అప్పుడప్పుడూ గేములు.. ఈ పనులకైతే ఒకే కాలంలో, ఒకే ధరలో వచ్చిన ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్ల మధ్య తేడా వాడుతుంటే తెలిసేంత ఉండదు. తేడా వచ్చేది వాటి చుట్టూ ఉన్న మదర్‌బోర్డు, ర్యామ్, గ్రాఫిక్స్ దగ్గర. మూడేళ్ల తర్వాత అప్‌గ్రేడ్ చేయాలనుకున్నప్పుడు ఇంకా బాగా తెలుస్తుంది.

పాత మాటలు, కొత్త నిజాలు

ఈ రెండు కంపెనీలూ దాదాపు ఒకే ఈడువి. ఇంటెల్ 1968లో, ఏఎండీ 1969లో పుట్టాయి. 1981లో ఐబీఎం తన పీసీకి ఇంటెల్ చిప్ తీసుకుంది కానీ, ఒక్క కంపెనీ మీదే ఆధారపడలేనంది. అలా 1982 ఒప్పందంతో అవే చిప్‌లను తయారుచేసే రెండో సరఫరాదారుగా ఏఎండీ వచ్చింది. 2003లో కథ తిరగబడింది. ఇప్పుడు మన డెస్క్‌టాప్‌లన్నింటిలో నడుస్తున్న 64 బిట్ విధానాన్ని ముందు తెచ్చింది ఏఎండీ, తర్వాత దాన్ని అందుకున్నది ఇంటెల్. ఒకే విండోస్, ఒకే లినక్స్, మీరు రాసే ఒకే సీ ప్రోగ్రామ్ రెండింటి మీదా నడవడానికి కారణం ఇదే.

మరి 'ఏఎండీ వేడెక్కిపోతుంది' అనే మాట ఎక్కడిది? 2011 తర్వాత వచ్చిన ఎఫ్ఎక్స్ సిరీస్ నాటిది. అప్పట్లో అందులో నిజం ఉంది. 2017లో రైజెన్ వచ్చాక పరిస్థితి మారిపోయింది, మాట మాత్రం మారలేదు. 'ఏఎండీలో ఆండ్రాయిడ్ స్టూడియో ఎమ్యులేటర్ నడవదు' అనేదీ అలాంటిదే. ఒకప్పుడు ఎమ్యులేటర్ వేగంగా నడవడానికి ఇంటెల్ తయారుచేసిన హాక్సమ్ అనే డ్రైవర్ కావాల్సి వచ్చేది. దాన్ని ఇంటెలే 2023లో ఆపేసింది. ఇప్పుడు రెండింటి మీదా ఎమ్యులేటర్ ఒకేలా నడుస్తుంది. బయోస్‌లో వర్చువలైజేషన్ ఆన్‌లో ఉంటే చాలు. ఏఎండీ బోర్డుల్లో అది 'ఎస్‌వీఎం మోడ్' అనే పేరుతో ఉంటుంది కాబట్టి చాలామందికి కనిపించదు. కనిపించక 'ఏఎండీలో రావట్లేదు' అంటారు.

ఇక 'ఇంటెల్ అంటే నమ్మకం' సంగతి. 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో ఎక్కువ పవర్ తీసుకునే మోడళ్లు అవసరానికి మించిన వోల్టేజీ వల్ల క్రాష్ అవుతున్నాయని 2024లో ఇంటెల్ స్వయంగా ఒప్పుకుంది. బయోస్ అప్‌డేట్‌తో సరిదిద్ది, వారంటీని మరో రెండేళ్లు పెంచింది. ఏఎండీ కూడా తక్కువేం తినలేదు. 2023లో రైజెన్ 7000 ఎక్స్‌3డీ చిప్‌లు కొన్ని బోర్డుల్లో కాలిపోయాయి. అక్కడా వోల్టేజీ గోలే, అక్కడా బయోస్ అప్‌డేటే మందు. కాబట్టి ఏది కొన్నా మొదటిరోజే బయోస్ అప్‌డేట్ చేయించుకోండి.

చివరి అక్షరంలోనే ఉంది కిటుకు

ఓ షాపులో నాకిచ్చిన కొటేషన్ మీద 'ఐ5 ప్రాసెసర్' అని మాత్రమే ఉంది. ఏ తరం అని అడిగితే 'ఐ5 అంటే ఐ5 అండీ' అన్నాడు! 2012లో వచ్చిన ఐ5-3470 కూడా ఐ5నే. దానికి నాలుగు కోర్లు, నాలుగు థ్రెడ్లు. 12వ తరం ఐ5-12400కి ఆరు కోర్లు, 12 థ్రెడ్లు. ఆ మాటకొస్తే ఐ3-12100 సైతం ఆ పాత ఐ5ని చిత్తుగా ఓడిస్తుంది. పైగా విండోస్ 10కి 2025 అక్టోబర్‌తో ఉచిత మద్దతు ముగిసింది. విండోస్ 11కి అధికారికంగా ఇంటెల్‌లో 8వ తరం, ఏఎండీలో రైజెన్ 2000 నుంచే అనుమతి. సెకండ్‌హ్యాండ్‌లో 'ఐ7 చవగ్గా వస్తోంది' అంటే ముందు అడగాల్సింది తరం ఎంత అని.

అంకె తర్వాత వచ్చే అక్షరం ఇంకా ముఖ్యం. ఇంటెల్‌లో చివర 'ఎఫ్' ఉంటే అందులో గ్రాఫిక్స్ ఉండదు. 12400ఎఫ్ కాస్త చవగ్గా కనిపిస్తుంది. తీసుకొచ్చి మానిటర్‌కి కలిపితే తెర నల్లగానే ఉంటుంది, విడిగా గ్రాఫిక్స్ కార్డు కొనాల్సిందే. ఏఎండీలో లెక్క వేరు. రైజెన్ 5 5600లో చివర ఏ అక్షరం లేకపోయినా గ్రాఫిక్స్ లేదు, 5600జిలో ఉంది. 7000 సిరీస్‌కి వచ్చేసరికి 7600లో చిన్న గ్రాఫిక్స్ ఉంది, 7500ఎఫ్‌లో లేదు. కార్డు కొనే ఆలోచన లేనివాళ్లు ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకున్నా కొన్ని వేలు మిగులుతాయి. ఇంటెల్ 'కె' మోడళ్లు ఓవర్‌క్లాకింగ్ చేసేవాళ్లకి. దానికి వేరే బోర్డు, పెద్ద కూలర్ కావాలి. మనకెందుకు?

ప్రాసెసర్ ధర కాదు, జత ధర

షాపులో ప్రాసెసర్ ధరలు పక్కపక్కన పెట్టి చూస్తే మోసపోతాం. ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ మూడూ కలిపి అడగండి. ఏఎండీ ఏఎం4 సాకెట్‌కి డీడీఆర్4 ర్యామ్, 2022లో వచ్చిన ఏఎం5కి డీడీఆర్5 మాత్రమే. ఇంటెల్ 12, 13, 14 తరాల సాకెట్‌కి బోర్డును బట్టి ఏదో ఒకటి. 2025 చివర్లో ర్యామ్ ధరలు ఒక్కసారిగా ఎగబాకాయి కాబట్టి నెల కిందటి యూట్యూబ్ వీడియోలో చెప్పిన లెక్క పట్టుకుని బయల్దేరొద్దు. ఆ రోజు ధర ఆ రోజే అడగాలి.

గ్రాఫిక్స్ కార్డు లేకుండా, తక్కువ బడ్జెట్‌లో అయితే నేను చెప్పేవి రెండే. కోడింగే ప్రధానమైతే ఐ5-12400. ఒక్కో కోర్ వేగం ఇందులో ఎక్కువ. 2024లో బయటపడిన సమస్య దీనికి లేదు. సాయంత్రం ఫ్రెండ్స్‌తో గేములూ కావాలంటే 5600జి. దాని గ్రాఫిక్స్ మెరుగు. అయితే ఒక షరతు: ర్యామ్ 16 జీబీ ఒకే స్టిక్ కాకుండా 8 జీబీవి రెండు వేయించండి. లోపలి గ్రాఫిక్స్ ర్యామ్‌నే వాడుకుంటుంది. ఒక్క స్టిక్ వేస్తే దారి సగమైపోయి, కొన్న గ్రాఫిక్స్ సరిగా పనిచేయదు.

ఈ రెండు సాకెట్లకీ ముందు దారి పెద్దగా లేదు. ఇంటెల్ 2024లోనే కొత్త సాకెట్‌కి వెళ్లిపోయింది. ఏఎం5కి మాత్రం 2027 వరకు, ఆపైనా మద్దతు ఉంటుందని ఏఎండీ చెప్పింది. ఇంట్లో ఇంకొంచెం ఇవ్వగలిగితే, ఉద్యోగం వచ్చాక ప్రాసెసర్ మాత్రం మార్చుకోవాలనుకుంటే ఏఎం5 మీద రైజెన్ 5 7600 తీసుకోండి. ఇక్కడ నేను ఏఎండీ వైపే. అది అభిమానం కాదు, సాకెట్ లెక్క. రేపు ఇంటెల్ ఇదే మాటిస్తే అటే మొగ్గుతా.

ఇంటర్వ్యూలో ఎవరూ మీ ఇంట్లో ఏ ప్రాసెసర్ ఉందని అడగరు. ఏఐ నేర్చుకునేవాళ్లకి కావాల్సింది ఎన్‌విడియా కార్డు, అది లేకపోతే ఉచితంగా దొరికే గూగుల్ కొలాబ్. ఈసీఈ వాళ్లు వాడే వివాడో సాఫ్ట్‌వేర్ 2022లో జైలింక్స్‌ని కొన్నప్పటి నుంచి ఏఎండీదే అయినా ఇంటెల్ మెషీన్ మీద శుభ్రంగా నడుస్తుంది. అన్నట్టు ఆ జైలింక్స్‌కి హైదరాబాద్‌లో పెద్ద కేంద్రం ఉండేది. ఇప్పుడు ఇంటెల్, ఏఎండీ రెండూ హైదరాబాద్, బెంగళూరుల్లో ఇంజినీర్లను తీసుకుంటున్నాయి. వీఎల్‌ఎస్‌ఐ వైపు వెళ్లాలనుకునేవాళ్లు ఈ గ్రూప్ గొడవనే సిలబస్‌గా మార్చుకోవచ్చు. ఇంటెల్ ఒకే చిప్‌లో పెద్ద కోర్లు, చిన్న కోర్లు ఎందుకు పెడుతోంది? అప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్‌లో షెడ్యూలర్ ఏ పనిని ఎక్కడికి పంపాలి? ఏఎండీ 2019 నుంచి డెస్క్‌టాప్ రైజెన్‌లను చిన్న ముక్కలుగా చేసి కలుపుతోంది, దాని వల్ల ఖర్చు ఎలా తగ్గుతుంది, మెమరీకి ఆలస్యం ఎందుకు పెరుగుతుంది? ఇవి చెప్పగలిగితే ప్యానెల్‌లో కూర్చున్నవాళ్లు ముందుకు వంగి వింటారు.

షాపుకి వెళ్లేముందు

50 వేలూ డబ్బాలోనే పెట్టేయకండి. డెస్క్‌టాప్‌కి కెమెరా, మైక్ ఉండవు. చవక బోర్డుల్లో చాలావాటికి వైఫై కూడా ఉండదు. కెమెరా లేకుండా ప్రొక్టర్డ్ టెస్ట్ మొదలే కాదు. ఊళ్లో కరెంటు పోతే రాస్తున్న టెస్ట్ అక్కడే ఆగిపోతుంది. అందుకే వెబ్‌క్యామ్, వైఫై డాంగుల్, చిన్న యూపీఎస్‌కి ముందే డబ్బు పక్కన పెట్టి, మిగిలినదాంట్లో ప్రాసెసర్ చూడండి. రూటర్‌కీ యూపీఎస్ కనెక్షన్ ఇవ్వడం మర్చిపోవద్దు.

మన షాపుల్లో మొత్తం డబ్బానే 'సీపీయూ' అంటారు. 'సీపీయూ ఇంత' అని ఒకే అంకె చెబితే ఒప్పుకోకుండా ఒక్కో పార్టు మోడల్ నంబర్‌తో కాగితం మీద రాయించుకోండి. సికింద్రాబాద్ సీటీసీలో అయినా, మీ ఊరి మెయిన్ రోడ్డులో అయినా ఇదే పద్ధతి. ఎక్కువగా కోత పడేది ఎస్ఎంపీఎస్ దగ్గర, పేరులేనిది పెట్టేస్తారు. అది పోతే ఒంటరిగా పోదు, బోర్డునీ తీసుకుపోతుంది. ప్రాసెసర్ సీల్ చేసిన బాక్సులో వచ్చిందో లేదో చూడండి. బాక్స్ ప్యాక్‌కి కంపెనీ మూడేళ్ల వారంటీ ఉంటుంది. విడిగా కవర్లో ఇచ్చే ట్రే ప్రాసెసర్‌కి షాపువాడు ఇచ్చిందే వారంటీ. జీఎస్టీ బిల్లు మీద సీరియల్ నంబర్లు రాయించుకుని, అక్కడే సిస్టమ్ ఆన్ చేయించి, బయోస్‌లో ప్రాసెసర్ పేరు, ర్యామ్ రెండు స్లాట్లలో ఉందా అన్నది చూశాకే డబ్బులివ్వండి.