మోటారు పందాలకు కొత్త పంచాంగం

2023 డిసెంబరు 5వ తేదీ మధ్యాహ్నం మిగ్‌జాం తుపాను బాపట్లకు సమీపంలో తీరం దాటింది. అప్పటికి కృష్ణా డెల్టాలో వరి కోతలు సాగుతూ ఉన్నవి. కోయవలసిన చేలు నేలకొరిగినవి. కోసిన పనలు నీట నానినవి. అదే తుపాను తీరం దాటక ముందు రెండు దినాలు చెన్నై నగరాన్ని ముంచెత్తింది. ఆ నెల 9, 10 తేదీలలో ఆ నగర వీథులలో జరగవలసిన కార్ల పందాలు అందువల్ల వాయిదా పడినవి. బాపట్ల వరిచేనికీ, చెన్నై పందెపు కారుకూ సంబంధం ఏమిటని శ్రోతలు అడగవచ్చును. రెండింటికీ ఒకటే సముద్రం, ఒకటే ఋతువు. ఈ సంబంధం ఒక జాతీయ స్థాయి పోటీ యొక్క కాలక్రమాన్ని ఏ విధంగా తాకినదో, ఆ పోటీలో సీజను సీజనుకూ వచ్చిన మార్పులు ఎటువంటివో మేము ఇక్కడ వివరించదలచినాము.

దక్షిణ దేశంలో కార్ల పందాలు కొత్తవి కావు. మద్రాసు మోటారు స్పోర్ట్స్ క్లబ్బు 1953లో ఏర్పడింది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో విమానాల కోసం వేసిన షోలవరం రన్‌వే చాలా ఏండ్లపాటు ఆ క్లబ్బు వారికి పందెపు బాటగా ఉపయోగపడింది. విజయవాడ నుంచి నెల్లూరు మీదుగా మద్రాసుకు రోడ్డున ప్రయాణం చేసిన పాతతరం లారీ డ్రైవర్లకు ఆ ఊరి పేరు సుపరిచితం. 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగట్టుకోట్టైలో పందాల కోసమే నిర్మించిన ట్రాకు వచ్చింది. కోయంబత్తూరులో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలలో ఒకదానికి చెందిన ఎస్. కరివర్ధన్, సామాన్యమైన మారుతి 800 ఇంజనుతో ఒంటిసీటు పందెపు కారును తయారుచేయించి, తక్కువ ఖర్చుతో యువకులు ఈ విద్య నేర్చుకొనే మార్గం చూపారు. ఆయన 1995లో విమాన ప్రమాదంలో మరణించారు. ఆ ఊరి సమీపంలోని కరి మోటార్ స్పీడ్‌వే ఆయన పేరిట వెలసినదే. 2005లో ఫార్ములా వన్ పందెంలో పాల్గొన్న తొలి భారతీయుడు నరేన్ కార్తికేయన్ కూడా కోయంబత్తూరువారే.

ఈ పునాది మీద 2022లో ఇండియన్ రేసింగ్ లీగ్ ఆరంభమయింది. హైదరాబాదు, చెన్నై, బెంగుళూరు, కొచ్చి, ఢిల్లీ, గోవా పేర్లతో ఆరు జట్లు ఏర్పడినవి. ఇటువంటి పోటీకి కొత్త సీజను వస్తున్నదంటే నిర్వాహకులు మూడు ప్రశ్నలకు సమాధానం చెప్పవలసి ఉంటుంది. బండి ఏది? నడిపేవారు ఎవరు? పందెం ఎప్పుడు, ఎక్కడ? సీజను మార్పులన్నీ ఈ మూడింటిలో ఏదో ఒకదాని కిందికే వస్తాయి.

మొదట బండి సంగతి. సంక్రాంతి రోజులలో గుడివాడ ప్రాంతంలో ఎడ్ల బండలాగుడు పోటీలు చూసినవారికి ఈ విషయం సులభంగా బోధపడుతుంది. అక్కడ రెండు పళ్ళ గిత్తలను ఆరు పళ్ళ గిత్తలతో పోటీకి దింపరు. పళ్ళను బట్టి విభాగం, విభాగాన్ని బట్టి బండ బరువు. కార్ల పందాలలో కూడా ఈ చిక్కు ఉన్నది. డబ్బున్న జట్టు మంచి బండి కొనుక్కుంటే, పందెం జరగక ముందే ఫలితం తెలిసిపోతుంది. అందుచేత ఈ లీగులో అన్ని జట్లకూ ఒకే రకం బండి ఇచ్చారు. అది ఇటలీ దేశపు వుల్ఫ్ సంస్థ తయారుచేసిన స్పోర్ట్స్ ప్రోటోటైపు. చక్రాలను కప్పుతూ తొడుగు ఉంటుంది. మోటారు సైకిళ్ళకు ప్రసిద్ధమైన అప్రిలియా కంపెనీ ఇంజను దీనికి అమర్చారు. దాని పరిమాణం 1.1 లీటరు మాత్రమే. మన ఇళ్ళ ముందు నిలిచే చిన్న కారు ఇంజను కూడా ఇంచుమించు అంతే ఉంటుంది. అయితే ఇది రెండువందల అశ్వశక్తికి పైగా ఇస్తుంది. బండి బరువు నాలుగువందల కిలోల ప్రాంతంలో ఉంటుంది. తక్కువ బరువు, ఎక్కువ శక్తి: వేగానికి మూలం ఇదే. విజయవాడ ఆటోనగర్‌లో ఏ మెకానికును అడిగినా ఈ మాటే చెబుతాడు.

రెండవది, నడిపేవారు. 2022లో ఒక్కొక్క జట్టుకు రెండు కార్లు, నలుగురు డ్రైవర్లు. అంటే మొత్తం పన్నెండు కార్లు, ఇరవై నలుగురు డ్రైవర్లు. భారతీయులూ, విదేశీయులూ కలిసి ఉన్నారు. జట్టులో ఒక మహిళ తప్పనిసరిగా ఉండాలన్నది నియమం. మహిళలకు వేరే పందెం పెట్టి వేరే బహుమతి ఇవ్వడం కాదు. అదే బండి, అదే బాట, జట్టు లెక్కలో చేరే అవే పాయింట్లు. హైదరాబాద్ బ్లాక్‌బర్డ్స్ జట్టులో, ఐరోపా నమూనా కార్లతో మన దేశంలో నడిచిన యూరో జేకే పోటీలో 2016, 2017 సంవత్సరాలలో విజేతగా నిలిచిన హైదరాబాదు యువకుడు అనిందిత్ రెడ్డి ఉన్నారు. ఆ మొదటి ఏడు విజయం మాత్రం కొచ్చి జట్టును వరించింది.

మూడవది, కాలమూ స్థలమూ. అన్నిటికంటె కష్టమైనది ఇదే. మొదటి సీజను 2022 నవంబరు 19, 20 తేదీలలో హైదరాబాదులో హుస్సేన్‌సాగరం ఒడ్డున ఆరంభం కావలసి ఉన్నది. రోజూ బస్సులు, ఆటోలు తిరిగే రోడ్లనే పందెపు బాటగా మార్చారు. ప్రత్యేకమైన ట్రాకు మీద బండి అదుపు తప్పితే పక్కన ఖాళీ నేల ఉంటుంది. అక్కడ వేగం తగ్గి బండి ఆగుతుంది. నగర వీథిలో ఆ అవకాశం లేదు. బాట అంచునే కాంక్రీటు దిమ్మలు, వాటిపైన ఇనుప వల. అందుచేత చిన్న పొరపాటు కూడా పెద్ద దెబ్బగా పరిణమిస్తుంది. ఆ రెండు దినాలలో ఆలస్యాలు జరిగినవి, కార్లు దెబ్బతిన్నవి, చివరకు వెలుతురు తగ్గిపోయింది. లీగు పందెం జరగకుండానే ప్రేక్షకులు ఇళ్ళకు వెళ్ళవలసి వచ్చింది. తరువాతి పోటీలు చెన్నైలో నడిపి, డిసెంబరు 10, 11 తేదీలలో తిరిగి హైదరాబాదులోనే సీజను ముగించారు.

ప్రేక్షకులను నిరాశపరిచారని నిర్వాహకులను ఆనాడు పలువురు నిందించారు. సన్నాహం చాలలేదన్న విమర్శలో న్యాయం ఉన్నది. కాని చీకటి పడుతున్నప్పుడు బండ్లను బాట మీదికి పంపకుండా ఆపిన నిర్ణయం మాత్రం సరియైనది. నియమాలు పరీక్షకు నిలిచేది పందెం నడిపినప్పుడు కాదు, ఆపవలసి వచ్చినప్పుడు. 2023 ఫిబ్రవరి 11న అదే హుస్సేన్‌సాగరం ఒడ్డున విద్యుత్ కార్ల ప్రపంచ పోటీ అయిన ఫార్ములా ఈ పందెం జరిగింది. ఫ్రాన్సు దేశీయుడు జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. 2024లో జరగవలసిన రెండవ పందెం రద్దయింది.

ఇక తేదీల సంగతి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు బంగాళాఖాతంలో తుపానుల కాలం. 1977 నవంబరు 19వ తేదీని దివిసీమ ప్రజలకు ఎవరూ గుర్తుచేయనక్కరలేదు. 2022లో హైదరాబాదులో లీగు చివరి పందెం జరుగుతున్న సమయానికే మాండూస్ తుపాను చెన్నైకి దక్షిణాన మామల్లపురం దగ్గర తీరం దాటింది. మరుసటి ఏడు మిగ్‌జాం వచ్చింది. నవంబరు, డిసెంబరు నెలలలో ఈ తీరాన బహిరంగ క్రీడకు తేదీ నిర్ణయించడం, కళ్ళంలో ధాన్యం ఆరబోసి మబ్బు వైపు చూడకపోవడం వంటిది.

వానకు పందెపు కారు ఎందుకు భయపడాలి? కారణం టైరులో ఉన్నది. పొడి బాట మీద వాడే పందెపు టైరుకు గాడులు ఉండవు, నున్నగా ఉంటుంది. రబ్బరు ఎంత ఎక్కువగా బాటను అంటుకుంటే అంత పట్టు దొరుకుతుంది. తడి బాటకు గాడులున్న టైరు బిగిస్తారు. ఆ గాడులు నీటిని పక్కలకు నెట్టివేస్తాయి. అయితే దానికీ ఒక హద్దు ఉన్నది. నీరు మరీ నిలిచితే టైరుకూ బాటకూ మధ్య పొర ఏర్పడి బండి తేలిపోతుంది. అప్పుడు స్టీరింగు తిప్పినా, బ్రేకు తొక్కినా బండి వినదు. జోరువానలో బందరు రోడ్డు మీద కారు నడిపినవారికి ఈ అనుభవం కొంతయినా ఉండే ఉంటుంది. పైగా నగర వీథిలో దిమ్మలు, వలలు, దీపాలు అమర్చడానికి ఎన్నో దినాలు పడుతుంది. వాన పడ్డది గనుక పందెం రేపు పెట్టుకుందామంటే కుదరదు. రేపు ఆ రోడ్డు ఆసుపత్రికి పోయేవారిది, బడికి పోయే పిల్లలది.

ఈ చివరి మాట న్యాయస్థానం దాకా వెళ్ళింది. ప్రజల రోడ్లనూ, ప్రజల ధనాన్నీ పందాలకు వినియోగించవచ్చునా అన్న ప్రశ్నపై మద్రాసు హైకోర్టు 2024 ఫిబ్రవరిలో షరతులతో అనుమతి ఇచ్చింది. ఆ తరువాత కాలక్రమంలో స్పష్టమైన మార్పు కనిపించింది. 2024 సీజను నవంబరులో కాక ఆగస్టు 24న ఆరంభమయింది. ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో చెన్నై ఐలండ్ గ్రౌండ్స్ చుట్టూ, మౌంటు రోడ్డునూ, నేపియర్ వంతెననూ కలుపుకొని, మూడున్నర కిలోమీటర్ల పొడవు, పందొమ్మిది మలుపులు గల బాట మీద దీపాల వెలుగులో రాత్రి పందాలు జరిగినవి. మన దేశంలో నగర వీథులలో జరిగిన మొదటి రాత్రి పందాలు అవే. అప్పుడు కూడ వానవల్ల బాటకు అంతర్జాతీయ సంస్థ ధ్రువపత్రం ఆలస్యమయింది. కాగితం చేతికి వచ్చేవరకు కార్లు కదలలేదు. 2025 సీజను కూడా ఆగస్టులోనే, కోయంబత్తూరులో మొదలయింది.

డెల్టా రైతుకు ఈ ఉపాయం కొత్తది కాదు. తుపానులకు ముందే పంట ఇల్లు చేరాలంటే నాట్లు ముందుగా పడాలి. నాట్లు ముందుగా పడాలంటే కాలువలకు నీరు ముందుగా రావాలి. 2015లో వచ్చిన పట్టిసీమ ఎత్తిపోతల ద్వారా గోదావరి జలాలను ప్రకాశం బ్యారేజికి తీసుకురావడంలో ఒక ముఖ్యోద్దేశం ఇదే. సముద్రాన్ని మనం మార్చలేము, పంచాంగాన్ని మార్చుకోగలము. రైతు చేసిన పనినే పందాల నిర్వాహకులు కూడ చేసినట్లయింది.

అయినప్పటికీ ఏ నెలా పూర్తిగా నిరపాయం కాదు. చెన్నైలో దీపాల కింద కార్లు పరుగెత్తిన ఆ సెప్టెంబరు 1వ తేదీనే విజయవాడలో బుడమేరు పొంగి సింగ్ నగర్ ఇళ్ళలోకి నీరు వచ్చింది. మరునాడు ప్రకాశం బ్యారేజి వద్ద కృష్ణ ప్రవాహం 11 లక్షల 43 వేల క్యూసెక్కులకు చేరింది. వందల కిలోమీటర్ల దూరంలో ఒక నగరానికి పండుగ, మరొక నగరానికి విపత్తు. మేలైన కాలక్రమం అపాయాన్ని తగ్గిస్తుందే గాని తొలగించదు. కనుకనే తేదీ మార్చుకోవడం ఎంత అవసరమో, ఆ తేదీన కూడా ఆపవలసి వస్తే ఆపగల అధికారం ఎవరికి ఉన్నదో ముందుగా వ్రాసి ఉంచుకోవడం అంత అవసరం.

ఇక ముందు కొత్త సీజను మార్పులను గురించి వార్తలు విన్నప్పుడు శ్రోతలు జట్ల యజమానులెవరు, సినిమా తారలెవరు అన్నంతవరకే ఆగకుండా పైన చెప్పిన మూడు ప్రశ్నలూ వేసుకోవలసిందని మా మనవి. బండి అందరికీ సమానమా? నడిపేవారిలో కొత్తవారికీ, మహిళలకూ చోటున్నదా? తేదీ, బాట ఎవరి క్షేమాన్ని చూసి నిర్ణయించారు?

మా ఇంట పందెగాళ్ళు లేరు గదా అని తల్లిదండ్రులు అనుకోవచ్చును. పందెపు కారులోని మనిషికి తలకు శిరస్త్రాణం, ఒంటిని పట్టే ఆరు పట్టీల బెల్టు, నిప్పంటని దుస్తులు, ప్రతి మలుపు దగ్గర జెండా పట్టుకొని నిలిచిన మనిషి, సిద్ధంగా ఉన్న వైద్యుడు ఉంటారు. ఇన్ని ఉండి కూడ చీకటి పడితే పందెం ఆపివేస్తారు. అర్ధరాత్రి చెన్నై రహదారి మీద మోటారు సైకిలును పందెపు వేగంతో తోలే కుర్రవానికి వీటిలో ఒక్కటీ లేదు. నిజమైన పందెంలో నియమాలు ఎన్ని ఉన్నవో, అవి ఎందుకు ఏటేటా మారుతున్నవో వానికి ఇంట్లో ఒకరు తీరికగా చెప్పగలిగితే ఈ ప్రసంగం వలన ప్రయోజనం కలిగినట్లే.